లావు అక్షరాలు

అక్టోబరులో ఒక ఆదివారం పూజ ముగిశాక, ఫాదరుగారి కింద పనిచేసే ఉపదేశి కృపానందం గుడి మెట్ల మీద నిలబడి కాగితం చదివాడు. శ్మశానంలో చోటు చాలడం లేదు. తూర్పు వరసలో పేరు చెక్కిన రాయి లేని సమాధులకు నవంబరు రెండున వచ్చే ఆత్మల పండుగే గడువు. ఆ తర్వాత ఆ నేల తవ్వి కొత్తవారికి ఇస్తారు. విచారణ కమిటీ, అంటే మా గుడి పెద్దల నిర్ణయం. చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నావైపు చూశాడు.

తూర్పు వరసలో శౌరమ్మ ఉంది. శౌరమ్మ నా భార్య. పోయి ఐదేళ్లు.

ఆమెకు రాయి లేదు. చెక్క సిలువ ఉంది. దాని మీద పేరు నేనే రాశాను. వానాకాలానికి చెరిగిపోతుంది, పండుగకు మళ్ళీ రాస్తాను. అది లెక్కలోకి రాదన్నాడు కృపానందం. కమిటీలో ఎవరెవరున్నారని అడిగాను.

"మీ బావగారు కూడా ఉన్నారండీ," అన్నాడు, అదేదో నాకు మేలు చేసే సంగతి అయినట్టు.

నేను బోర్డులు రాస్తాను. గుణదలలో ఏలూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు నాది. ఉయ్యూరు అవతల ఒక పల్లెలో మిషను బడి, ఐదో తరగతి, అంతే నా చదువు. ఆ బడిలో మాకు అక్షరాలు ఇసుకలో నేర్పారు. ఇసుకలో సన్నగీత నిలవదు. వేలెడు లావున రాయాలి. తర్వాత బెజవాడ వచ్చి ఒక ఆర్టిస్టు దగ్గర చేరితే ఆయన తోకలూ తీగలూ నేర్పించాడు. తలకట్టు కొసన మెలిక, కొమ్ము చివర మొగ్గ. పెళ్ళి పందిరికి పనికొస్తాయి.

లావు అక్షరాలు నేను కట్టింది ఎరువుల కొట్టు కోసం. బస్సులో పోయేవాడికి కూడా కనపడాలి అన్నాడు కొట్టాయన. తోకలన్నీ తీసేశాను. వడ్రంగి దగ్గర కంపాసు తెచ్చాను. సున్నా గీసి, ఆ సున్నాలోంచే అన్ని అక్షరాలూ పుట్టాలని కూర్చున్నాను. ఎత్తులో ఐదో వంతు మందం. ఎక్కడా సన్నం కాకూడదు, ఎక్కడా ఉబ్బకూడదు. తలకట్టు స్కేలు పెట్టి గీసిన పట్టీ. ర, ఠ, వ సులువుగా వచ్చాయి. ఝ, ఘ, క్ష నన్ను ఏడిపించాయి. లావు పెంచితే లోపలి ఖాళీ పూడిపోతుంది, ఖాళీ వదిలితే మందం తగ్గిపోతుంది. ఒక్క ఘ కోసం ఎన్ని అట్టలు పాడుచేశానో చెప్పలేను.

పెద్ద బోర్డుకు ముందు గీతలు కొట్టాలి. దారానికి నీలిమందు పూసి, రెండు కొసలూ బిగించి, మధ్యలో లాగి వదలాలి. రెండో కొస శౌరమ్మ పట్టేది. ఎనిమిదో తరగతి చదివింది, నాకంటే మూడు క్లాసులు ఎక్కువ. ఆ సంగతి నేను మరిచిపోకుండా చూసేది.

"మీ అక్షరాలు రేషను షాపు దగ్గర క్యూ కట్టినట్టున్నాయి," అంది మొదటిసారి చూసి. "ఒకటి పక్కదానితో మాట్లాడదు. ఒక్కటీ నవ్వదు."

ఎరువుల కొట్టుకు నవ్వే అక్షరాలు ఎందుకన్నాను. నవ్వకపోతే ఎరువు మాత్రం ఎవరు కొంటారంది.

కొన్నారు. ఆ బోర్డు చూసి పంపుసెట్ల వాళ్ళు వచ్చారు, పురుగుమందుల వాళ్ళు వచ్చారు, సిమెంటు డీలర్లు వచ్చారు. లారీల వెనక, రైసుమిల్లు గొట్టం మీద, సినిమా హాలు బెంచీ టిక్కెట్ల కిటికీ పైన నా అక్షరాలే. మిగతా పెయింటర్లు కాపీ కొట్టారు. కంపాసు పట్టలేదు, పళ్ళెం బోర్లించి చుట్టూ గీశారు. డెబ్బై ఐదులో ఎమర్జెన్సీ వచ్చాక సర్కారు నినాదాలు కూడా గోడల మీద ఆ లావునే వచ్చాయి. ఊరు దాటేలోపు ఎన్ని చోట్ల వంకర పోయాయో చూసుకుంటూ నడవడం నాకు రోగంలా పట్టుకుంది. శౌరమ్మ పోయాక అది ఎక్కువైంది. ఇంట్లో కూర్చోలేను. దారం రెండో కొస మేకుకు కట్టుకుంటున్నాను.

ఆ ఆదివారం సాయంత్రమే సంజీవరావు వచ్చాడు. శౌరమ్మ అన్న, మిషను స్కూలు హెడ్‌మాస్టరు. కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు. తన మాట చల్లగా చెప్పాడు. వాళ్ళ నాన్నగారి సమాధికి పాలరాయి ఉంది. దాని మీద అడుగున చోటుంది. చెల్లెలి పేరు కూడా అక్కడే చెక్కిద్దామన్నాడు. మంచి పనివాడున్నాడు, గులాబీ తీగ కూడా వేస్తాడట.

"మరి ఆమె ఉన్న చోటు?" అన్నాను.

"నేల ఎక్కడైతే ఏముంది బావా. పేరు నాన్నగారి దగ్గరుంటుంది."

"పేరు మీ దగ్గర. మనిషి ఎవడి కిందో."

ఆయన లేచాడు. రాయి నేనే పెట్టిస్తానని, నా అక్షరాలతోనే పెడతానని చెప్పాను. గుమ్మం దగ్గర ఆగాడు.

"ఎరువుల కొట్టు అక్షరాలు దాని నెత్తిన పెడతావా?" అన్నాడు.

పెడతానన్నాను.

మర్నాడు మాచవరం వైపు రాళ్ళ డిపోకు వెళ్ళాను. పాలరాయి నాకు అందదు. కడప నుంచి వచ్చే నాపరాయి నల్లగా, చదునుగా ఉంటుంది. అందరి ఇళ్ళలోనూ గచ్చుకు పరిచేది అదే. మందమైన పలక ఒకటి ఏరాను. అక్కడ చెక్కేవాడు అంకయ్య. రోళ్ళకూ, శంకుస్థాపన రాళ్ళకూ పేరున్నవాడు. జానెడు ఎత్తున పేరు, కింద చిన్నగా ఊరు, తేదీ, ఒక బైబిలు వాక్యం కాగితం మీద గీసి తీసుకెళ్ళి పలక మీద అంటించాను. ఇంత వెడల్పున ఎప్పుడైనా చెక్కావా అని అడిగాను. రాయి రాయేనండీ, వెడల్పయితే రెండు దెబ్బలు ఎక్కువ పడతాయి అన్నాడు. నాకూ అదే సబబుగా తోచింది.

నేను అక్కడే నిలబడ్డాను. కూర్చోమని పీట వేస్తే కూర్చోలేదు. శ, దాని ఔత్వం ఎలాగో వచ్చాయి. ర దగ్గరికి వచ్చేసరికి చుట్టూ పళ్ళెంలా వెడల్పుగా తవ్వాడు. మధ్యలో ఖాళీగా మిగలాల్సిన గుండ్రటి రాయి ఒంటరి దీవిలా నిలబడింది. మరో దెబ్బ పడింది. ఆ దీవి బిళ్ళలా ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది. నాపరాయి పొరల రాయి. సన్నగీత అయితే పొర పట్టుకుని ఉంటుంది. చుట్టూ అంత మేర తీసేస్తే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ర పోయి గుంట మిగిలింది. తర్వాత మ మొదలుపెడితే అదీ అంతే. చూస్తుండగా పేరంతా గుంటలు పడ్డ రోడ్డయింది.

"మీరు గీసిందే అట్టా ఉందండీ," అన్నాడు అంకయ్య.

"నీ చెయ్యి అలా ఉంది," అన్నాను.

ఇద్దరం ఇంకా చాలా అనుకున్నాం. అతనితో ఇప్పటికీ మాట్లాడను.

పండుగ దగ్గర పడుతోంది. వానలు పట్టుకున్నాయి. షెడ్డులో రెండు బోర్డులు సగంలో ఆగాయి. కుంచె పడేసి బయటికి వచ్చాను. ఏలూరు కాలువ కట్ట మీద ఆ కొసకూ ఈ కొసకూ నడిచాను. దారిలో సంజీవరావు ఇల్లుంది. వరండాలో ఆయన భార్య మార్త బియ్యం చెరుగుతోంది. రాయి ఏమైందన్నయ్యా అని అడిగింది. పగిలిందన్నాను. ఆవిడ చేట పక్కన పెట్టి ఏదో చెప్పబోయింది. నేను ఆగలేదు. పాలరాయి మీద గులాబీ తీగ నా కళ్ళముందు కనిపిస్తోంది.

ఎక్కడికీ పోలేక వన్‌టౌన్‌లో లాజరు ప్రెస్సుకు పోయాను. లాజరు నాతోపాటు ఇసుకలో దిద్దినవాడు. గోడపోస్టర్లు అచ్చు వేస్తాడు. పెద్ద సైజు అక్షరాలు సీసపు అచ్చుల్లో దొరకవు కాబట్టి నా లావు అక్షరాల్ని చెక్కలో చెక్కించి పెట్టుకున్నాడు. వాడు ఆ రోజు పంపుసెట్ల పోస్టరు వేస్తున్నాడు.

"ఒరే దాసూ, నీ అక్షరాలకి ఆకలెక్కువరా," అన్నాడు రోలరు తిప్పుతూ. "సిరా డబ్బా డబ్బా తాగుతున్నాయి. సన్నపాటి మనిషి అక్షరాలు చేసిపెట్టు, పుణ్యముంటుంది."

నేను వాడి మాట వినడం లేదు. బల్ల మీద చెక్క ర ఉంది. సిరా పట్టి నిగనిగలాడుతోంది. అచ్చులో అక్షరం గుంట కాదు. అక్షరం నిలబడుతుంది, దాని చుట్టూ ఉన్న చెక్క పోతుంది. లావుగా ఉంది కాబట్టే ఇన్ని వేల పోస్టర్లు వేసినా అంచు విరగలేదు. సన్న అక్షరమయితే ఈపాటికి ముక్కలయ్యేది. ఆ చెక్కను చేతిలోకి తీసుకుని తిరగేసి చూశాను. రాత్రింబవళ్ళు అక్షరాలతో బతికేవాణ్ణి, రాయి అనేసరికి గుంటలు తవ్వించాను.

"చేతులు పాడవుతాయిరా," అన్నాడు లాజరు. అప్పటికే పాడయ్యాయి. సిరా కడుక్కోకుండానే డిపోకు పోయాను.

రెండో పలక కొన్నాను. అంకయ్య చెయ్యి చాపి ఉలి ఇవ్వబోయాడు, తీసుకోలేదు. ఉలీ సుత్తీ వేరే చోట తెచ్చుకుని షెడ్డులోనే మొదలుపెట్టాను. పలకను రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టాను. ఈసారి ఊరూ లేదు, తేదీ లేదు, వాక్యం లేదు. పేరు ఒక్కటే. పలక అంతా ఆ పేరే.

పొరలు ఈసారి నా వైపు పనిచేశాయి. అక్షరం అంచు చుట్టూ ముందు నిలువుగా గాటు పెట్టాను. తర్వాత పక్కనుంచి ఉలి వాలుగా దించితే చుట్టూ ఉన్న రాయి రేకులు రేకులుగా లేచింది. ఒకే పొర దగ్గర ఆగింది. వేలి మందాన అక్షరాలు పైకి తేలాయి. లోపలి ఖాళీలు మాత్రం కొద్దికొద్దిగా తవ్వాలి. ర లోని గుండ్రం, మ లోని గుండ్రం, కింద ఒత్తులోది. తొందరపడితే అంచు పోతుంది, తొందరపడకపోతే పండుగ వస్తుంది. ఉలి జారి బొటనవేలు చీరుకుంది. గుడ్డ చుట్టుకుని మళ్ళీ పట్టుకున్నాను. బోర్డుల వాళ్ళు వచ్చి తిట్టి పోయారు. ఒకాయన బోర్డు సగం రాసిందే పట్టుకుపోయాడు.

శ దగ్గర పని సాగుతుండగా సంజీవరావు మళ్ళీ వచ్చాడు. ఈసారి కుర్చీ తుడుచుకోలేదు, కూర్చోలేదు. గొడుగు మడిచి చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. పలక చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. నేను సుత్తి ఆపలేదు. ఆయన దెబ్బకూ దెబ్బకూ మధ్య మాట్లాడాడు.

"ఈ అక్షరాలు దానికి నచ్చవు బావా. నాతో అంది."

"నాతోనూ అంది."

"మరి?"

"మీ పాలరాయి మీద అక్షరాలు బావున్నాయని ఎప్పుడైనా అందా?"

ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నేను చెప్పాను, నచ్చకపోయినా వీటికి దారం పట్టింది ఆమేనని, ఊళ్ళో ఉన్న ప్రతి లావు గీత కిందా ఆమె కొట్టిన నీలిగీత ఉందని, గులాబీ తీగకు ఆమె ఏమీ పట్టలేదని. అది నేను అనుకున్నంత గట్టిగా బయటికి రాలేదు. ఆయన నేల చూస్తూ, పేరు కనపడాలని మాత్రం కమిటీ అంటుంది, తేదీ లేకపోతే కృపానందం పేచీ పెడతాడేమో అన్నాడు. పెట్టనివ్వండి అన్నాను. గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. నా వైపు మాట్లాడతాడో, పాలరాయి వైపు మాట్లాడతాడో తెలియలేదు. అడగబుద్ధి కాలేదు.

పండుగనాడు పొద్దున్నే పలకను రిక్షా మీద వేసుకుని శ్మశానానికి తోయించుకు పోయాను. జనం అప్పటికే వచ్చారు. మా వాళ్ళకు ఆ రోజు సమాధులకు సున్నం వేయడం, పాత పేర్లకు నల్లరంగు దిద్దడం, బంతిపూలు పరచడం అలవాటు. ఎవరి బకెట్టు వాళ్ళది. నిలబెట్టేందుకు పునాది ఆరే వ్యవధి లేదు. అందుకని పలకను సమాధి మీదే, తలవైపు కొంచెం ఎత్తుగా పడుకోబెట్టి చుట్టూ సిమెంటు పెట్టాను.

పది దాటాక కమిటీ వరస చూసుకుంటూ వచ్చింది. ముందు కృపానందం, వెనక ఇద్దరు పెద్దలు, వాళ్ళ వెనక సంజీవరావు. కృపానందం వంగి చూశాడు. ఇది పేరు చెక్కినట్టా అని అడిగాడు. పేరు చెక్కలేదు, పేరు కానిదంతా చెక్కాను అన్నాను. ఆయనకు అది వెటకారంగా తోచింది. తేదీ లేదన్నాడు. ఇంటిపేరు లేదన్నాడు. చెక్కిన రాయి అని రూలు, ఇదేమో ఉబ్బెత్తుగా ఉంది, ఇలాంటిది వరసలో ఎక్కడా లేదన్నాడు. తక్కిన పెద్దలు ఎటూ చెప్పలేక సంజీవరావు మొహం చూశారు. పోయింది ఆయన చెల్లెలు కాబట్టి ఆయన అన్నదే మాట.

నేను తాపీ కింద పెట్టలేదు. ఎండలో ఆ పేరు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ నేల తవ్వే మనిషి కూడా గేటు దగ్గరే కూర్చుని ఉన్నాడు. సంజీవరావు కాదంటే ఆ వరసలో నేను చేయగలిగేది ఏమీ లేదు.

సంజీవరావు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. వెనక్కి నడిచాడు. గేటు దాకా వెళ్ళి, అక్కడినుంచి తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు. మళ్ళీ వచ్చాడు.

"గేటు దగ్గర్నుంచి చదివాను," అన్నాడు కృపానందంతో. "నాన్నగారి పేరు చదవలేకపోయాను. చెల్లి పేరు చదివాను. పేరున్న రాయే ఇది."

కమిటీ పక్క సమాధికి కదిలింది. ఆయన నా వైపు చూడలేదు. నేను కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పాల్సింది ఆయనకు కాదనిపించింది, ఎవరికో తెలియలేదు.

సాయంత్రం ఫాదరుగారు వచ్చి సమాధులన్నీ దీవించారు. అప్పటికి మబ్బు కమ్మింది, కొండ మీదనుంచి గాలి దిగింది. కొవ్వొత్తులు వెలిగిస్తే ఆరిపోతున్నాయి. పాలరాళ్ళు నున్నగా ఉండటంతో ఆసరా లేదు. జనం చేతులు అడ్డం పెట్టుకుని, అగ్గిపుల్లలు గీసి గీసి విసుక్కుంటున్నారు. సంజీవరావు వాళ్ళ నాన్నగారి దగ్గర వెలిగించింది ఒక్కటీ నిలవలేదు.

మార్త చేతిలో కొవ్వొత్తితో నా దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, ఇక్కడ పెట్టనా?" అంది. నేను నోరు తెరిచేలోపు వంగి ర లోపలి గుండ్రంలో కొవ్వొత్తి దింపింది. సరిగ్గా పట్టింది. చుట్టూ వేలి మందం రాయి గోడలా నిలబడింది. వెలిగిస్తే మంట వంగింది కానీ ఆరలేదు.

"వదిన చుట్టూ గోడ కట్టారు," అంది మార్త. "కనీసం దీపానికైనా పనికొచ్చింది."

పక్క వరసలో తల్లి సమాధి దగ్గరున్న దానమ్మ అది చూసి, మా అమ్మ దగ్గర నిలవడం లేదు బాబూ అంటూ మ లో ఒకటి పెట్టింది. వాళ్ళ వెనక ఎవరో నాకు తెలియని ముసలావిడ వచ్చి కింద ఒత్తులో పెట్టింది. అక్షరాల సందుల్లో, తలకట్టు పట్టీ చాటున, ఔత్వం మలుపులో, చోటున్న ప్రతిచోటా పెట్టారు. ఆ ముసలావిడ ఎవరి కోసం వెలిగించిందో ఆవిడకే తెలుసు. వెలిగించి శౌరమ్మ పేరు మీదే సిలువ గుర్తు వేసుకుని పోయింది.

మైనం కారుతోంది. ఉలి గాట్లు ఇంకా కొత్తగా ఉన్న అంచుల మీద కారుతోంది. అంచులు పాడవుతాయని చెప్పాను. గాలిలో ఎవరూ వినలేదు. మళ్ళీ చెప్పబోయి ఆగిపోయాను. సంజీవరావు తన చేతిలో మిగిలిన కొవ్వొత్తి పట్టుకుని వచ్చాడు. చోటు వెతికాడు. శ పక్కన కొద్దిగా ఖాళీ ఉంటే, నేను జరగకముందే నా మోచేతిని పక్కకు తోసి అక్కడ నిలబెట్టాడు.

తెల్లారి బోర్డులు రాయాలి. ఆ పని వదిలేసి కత్తి పట్టుకుని శ్మశానానికి వెళ్ళాను. మైనం గీకాను. అక్షరాల పైభాగం శుభ్రమైంది. మూలలు శుభ్రమయ్యాయి. గుండ్రాల్లో మాత్రం అడుగున గట్టిగా పట్టుకుపోయింది. కత్తి మొన దింపితే రాతి రేకు లేచేలా ఉంది. ఇంకోసారి ప్రయత్నించాను. కాసేపు కూర్చున్నాను. కూర్చోగలిగాను కూడా. తర్వాత కత్తి మడిచి జేబులో వేసుకుని, మైనం అలాగే వదిలేసి షెడ్డుకు పోయాను.